కుటుంబ నియంత్రణలో బంగ్లాదేశ్, గానా, నైజర్ లాంటి దేశాల నుంచి మన శ్రీకాకుళం నేర్చుకునేది ఏమైనా ఉందంటారా?

ఆమదాలవలస_రోడ్:

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం దగ్గర ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో ఫీల్డ్ పని చేస్తున్నాను, గర్భిణులు, బాలింతలు, కిశోర బాలికలు, అంగన్‌వాడీలు, ఇలా తిరుగుతూ ఉంటాను. ఇప్పుడు మా మేడం గారు ఒక పని నా నెత్తిన పెట్టారు. మనలాంటి దేశాలు కుటుంబ నియంత్రణ, స్త్రీల ఆరోగ్యం విషయంలో ఒకళ్ళ అనుభవం ఇంకొకళ్ళకి ఎలా ఇచ్చిపుచ్చుకుంటున్నాయి, అందులో మన జిల్లాకి పనికొచ్చేది ఏముంది అని రెండు పేజీల నోట్ రాయాలి.

కూర్చుని చదివాను. 1994లో కైరోలో జనాభా మీద పెద్ద సదస్సు జరిగింది, 179 దేశాలు వచ్చాయి, అక్కడే పది దేశాలు కలిసి పార్ట్‌నర్స్ ఇన్ పాపులేషన్ అండ్ డెవలప్‌మెంట్ అని ఒకటి పెట్టుకున్నాయి. బంగ్లాదేశ్, ఇండోనేషియా, థాయ్‌లాండ్, ఈజిప్ట్, ట్యునీషియా, మొరాకో, కెన్యా, జింబాబ్వే, మెక్సికో, కొలంబియా. ఆఫీసు ఢాకాలో. ఇండియా తర్వాత చేరింది. అంతవరకు బానే ఉంది గానీ ఆ తర్వాత ఏది తెరిచినా మీటింగులు, డిక్లరేషన్లు, దండలు, గ్రూప్ ఫోటోలు. ఒక దేశం నర్సమ్మ నేర్చుకున్నది ఇంకో దేశం నర్సమ్మ చేతికి ఎలా వచ్చిందో చెప్పేది తక్కువ.

ఇంకో డౌట్ కూడా ఉంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలే. బంగ్లాదేశ్ మనకంటే ఎక్కువలోనే ఉంది. అలాంటప్పుడు మనమే వాళ్ళకి నేర్పాలి కదా, వాళ్ళ దగ్గర మనం నేర్చుకునేది ఏముంటుంది? పైగా ఇప్పుడు మన ప్రభుత్వమే ఎక్కువమందిని కనండి అంటోంది, ఇద్దరికంటే ఎక్కువ పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 నాటి రూల్ 2024 నవంబర్‌లో తీసేసారు కూడా. ఇలాంటి టైంలో ఈ నోట్ ఎవరు చదువుతారో నాకు తెలీదు.

కానీ ఊళ్ళోకి వెళ్తే నాకు కనిపించేది వేరేగా ఉంటుంది. ఇరవై రెండేళ్ళ అమ్మాయికి ఇద్దరు పిల్లలు, ఆపరేషన్ అయిపోయింది, మధ్యలో ఎడం పెట్టుకోడానికి ఏమేం ఉన్నాయో ఎప్పుడైనా ఎవరైనా చెప్పారా అంటే నవ్వి ఊరుకుంటుంది. తెలిసినవాళ్ళు ఎవరైనా నిజంగా జరిగిన ఉదాహరణలు చెప్పండి. ఉపన్యాసాలు వద్దు ప్లీజ్, అవి నా దగ్గర చాలా ఉన్నాయి.

రిటైర్డ్_సూపర్‌వైజర్_పార్వతీపురం:

బాబూ, నేను ఆరోగ్య శాఖలో కింద నుంచి పైకొచ్చి సూపర్‌వైజర్‌గా రిటైర్ అయినవాడిని, కాబట్టి కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదువుకో.

మనం ఎందుకు నేర్చుకోవాలి అన్నావు కదా. ఆ 1.7 ఎలా వచ్చిందో చూడు. అదే సర్వేలో మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. మగవాళ్ళ ఆపరేషన్ అర శాతం కూడా లేదు. మాత్రలు, కాపర్ టీ, నిరోధ్, ఇంజెక్షన్ అన్నీ కలిపి చూసినా చెప్పుకోదగ్గ లెక్క కాదు. అంటే మనకి తెలిసిన పద్ధతి ఒక్కటే, అదీ ఆడదాని కడుపు మీదే. తొందరగా పెళ్ళి, తొందరగా ఇద్దరు, తొందరగా ఆపరేషన్. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ అమ్మాయిల్లో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయిందని కూడా ఆ సర్వేలోనే ఉంది. బంగ్లాదేశ్‌లోనూ చిన్న వయసు పెళ్ళిళ్ళు ఎక్కువే, కానీ అక్కడ ఎక్కువమంది వాడేది మాత్ర. డెబ్బైల మధ్యలో ఒక్కొక్కరికి ఆరుగురు పైనే పిల్లలుండే దేశం అది, ఆపరేషన్ల మీద ఇంతగా ఆధారపడకుండా రెండు చిల్లరకి వచ్చింది. ఎలా వచ్చిందన్నదే నువ్వు నోట్‌లో రాయాల్సింది.

విశాఖలో మాకు ట్రైనింగ్ అవుతున్నప్పుడు ఒక మేడం గారు మత్లబ్ గురించి చెప్పారు, అది ఇప్పటికీ నా బుర్రలో ఉండిపోయింది. మత్లబ్ అంటే ఢాకాకి కిందుగా నదుల మధ్య ఉండే పల్లె ప్రాంతం, అక్కడ అరవైల నుంచి కలరా పరిశోధన చేసేవాళ్ళు. 1975లో వాళ్ళు ఇంటింటికీ మాత్రలు, నిరోధ్‌లు పంచిపెట్టారు. పంచింది ఎవరంటే ఎక్కువగా ఊళ్ళో వయసైన ఆడవాళ్ళు, చదువు లేనివాళ్ళు, కొందరు మంత్రసానులు. మొదట్లో అందరూ తీసుకున్నారు, తర్వాత కొన్నాళ్ళకే వాడకం పడిపోయింది. ఎందుకు? మాత్ర వేసుకుంటే కళ్ళు తిరుగుతున్నాయి, వాంతి వస్తోంది, నెలసరి తేడాగా ఉంది అంటే సమాధానం చెప్పేవాళ్ళు లేరు. ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఆ గుమ్మం ఎక్కలేదు.

1977లో మొత్తం మార్చేసారు. ఆ ఊళ్ళలోనే చదువుకున్న పెళ్ళయిన ఆడపిల్లల్ని తీసుకున్నారు, వాళ్ళే ఏదో ఒక పద్ధతి వాడేవాళ్ళయితే ఇంకా మంచిదన్నారు. మాత్ర ఒక్కటే కాకుండా ఇంజెక్షన్, కాపర్ టీ, ఆపరేషన్ అన్నీ అందుబాటులో పెట్టారు. ముఖ్యంగా మళ్ళీ మళ్ళీ వెళ్ళి ఎలా ఉంది, ఏమైనా ఇబ్బందా, అయితే ఇది మానేసి అది చూద్దామా అని అడగడం వాళ్ళ డ్యూటీలో భాగం చేసారు. ఏడెనిమిది శాతం ఉన్న వాడకం రెండేళ్ళ లోపు ముప్పై దాటింది. పక్కనే ఇంకో సగం ఊళ్ళని మామూలుగా వదిలేసి పోల్చి చూసారు కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. చూడ్డానికి ఎన్నో దేశాల వాళ్ళు అక్కడికి వెళ్ళారు. నువ్వడిగిన ఇచ్చిపుచ్చుకోడం ఇదే, మందు పెట్టె కాదు, ఆ తిరిగి వెళ్ళే అలవాటు.

ఇంకోటి మగాళ్ళది. కోత లేని, కుట్టు లేని వేసెక్టమీ, అదే మగాళ్ళ ఆపరేషన్, మన క్యాంపుల్లో చేస్తారు కదా, అది అమెరికా నుంచి వచ్చిందనుకునేవాళ్ళు మా డిపార్ట్‌మెంట్లోనే ఉండేవారు. చైనాలో సిచువాన్ వైపు లీ షున్‌చియాంగ్ అనే డాక్టరు 1974లో కనిపెట్టాడు. చిన్న కన్నం, రెండు పనిముట్లు, కుట్టు అవసరం లేదు. 1985లో బయటి డాక్టర్లు వెళ్ళి చూసారు, వాళ్ళలో థాయ్‌లాండ్ డాక్టరు ఒకాయన ఉన్నాడు. 1987 డిసెంబర్‌లో వాళ్ళ రాజు గారి పుట్టినరోజుకి బ్యాంకాక్‌లో ఉచిత వేసెక్టమీలు పెట్టి, ఒకే రోజు కొత్త పద్ధతిలో 680 మందికి, పాత పద్ధతిలో 523 మందికి చేసారు. పాత దాంట్లో నూటికి ముగ్గురికి ఇబ్బందులొస్తే కొత్త దాంట్లో వెయ్యికి నలుగురికి. తొంభైల మొదట్లో మన ఢిల్లీకి వచ్చింది, అక్కణ్ణుంచి రాష్ట్రాలకి.

పద్ధతి వచ్చింది గానీ మనోళ్ళు రాలేదు. 1976-77లో ఎమర్జెన్సీ టైంలో ఏడాదికి అరవై లక్షల పైగా మగాళ్ళకి కోసారు, చాలా చోట్ల బలవంతంగా. నేను ఉద్యోగంలో చేరేసరికి వేసెక్టమీ మాటెత్తితే మగాళ్ళు అరుగు మీంచి లేచి వెళ్ళిపోయేవారు. బస్తా ఎత్తలేం, నాగలి పట్టలేం అనేవారు. ఆ మాట ఇప్పటికీ వింటున్నాను, నాగళ్ళు పోయి ట్రాక్టర్లు వచ్చాక కూడా.

రణస్థలం_ఎక్స్‌ప్రెస్:

సూపర్‌వైజర్ గారు చెప్పింది బాగుంది, కాదనను. కానీ ఈ సౌత్ సౌత్ సహకారం, అంటే మనలాంటి దేశాలు ఒకదానికొకటి నేర్పుకోవడం అనేది వినడానికి ఎంత తియ్యగా ఉంటుందో లోపల అంత ఉండదు అని నా అభిప్రాయం. టూర్లకి ఎవరు వెళ్తారు? సెక్రటరీలు, డైరెక్టర్లు. వచ్చాక ఒక రిపోర్ట్, ఒక సన్మానం. ఊళ్ళో తిరిగే నర్సమ్మ, అదే ఏఎన్ఎం, ఒక్కామెని కూడా బంగ్లాదేశ్ పంపించారా ఎప్పుడైనా? అసలు నేర్చుకోవాల్సింది ఆమె కదా.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తరు. బయటి నుంచి వచ్చిన ప్రతిదీ ముందు ఎవరి ఒంటి మీద చూస్తారు? పేద ఆడవాళ్ళ మీద. ఎనభైల్లో నెట్ ఎన్ అని రెండు నెలలకోసారి ఇచ్చే ఇంజెక్షన్ ట్రయల్ హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో జరిగింది, అక్కడ ఆడవాళ్ళకి అది ప్రయోగం అని సరిగ్గా చెప్పనేలేదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు వెళ్ళి చూసి గొడవ చేసారు, 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇది మన తెలుగు నేల మీద జరిగిందే, అందుకే ఇంజెక్షన్ అంటే చాలామందికి ఇంకా నమ్మకం లేదు. 2014లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర క్యాంపులో ఆపరేషన్లు చేయించుకున్న 13 మంది చనిపోయారు, ఆ తర్వాత 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి క్యాంపులు మూడేళ్ళలో ఆపేయండి అంది.

అదే కైరో సదస్సులో టార్గెట్లు వద్దు, మనిషి ఇష్టం ముఖ్యం అని ఒప్పుకుని వచ్చాం, 1996లో దేశమంతా టార్గెట్లు తీసేసాం అని కూడా ప్రకటించారు. 1997లో మన రాష్ట్రం సొంతంగా జనాభా విధానం తెచ్చుకుంది, తర్వాత ఏం జరిగిందో సూపర్‌వైజర్ గారినే అడగండి, మార్చి నెల వచ్చేసరికి ఎన్ని కేసులు తెచ్చావ్ అని మీటింగుల్లో నిలబెట్టేవారో లేదో. కాబట్టి ఆ నోట్‌లో పక్క దేశాల గొప్పలు రాసేముందు ఇది కూడా ఒక పేరా రాయి తమ్ముడూ. మీ మేడం తీసేస్తే తీసేస్తారు.

రిటైర్డ్_సూపర్‌వైజర్_పార్వతీపురం:

నిలబెట్టేవారు. అందులో అబద్ధం లేదు. జీతం ఆపుతామన్న రోజులూ ఉన్నాయి.

స్టాఫ్‌నర్స్_విజీనారం:

నేను లేబర్ రూంలో చేస్తాను, విజయనగరం వైపు. డ్యూటీ అయ్యాక చూసాను ఈ థ్రెడ్, రాయకుండా ఉండలేకపోతున్నాను.

రణస్థలం అన్నయ్యా, మీరన్న పటాన్‌చెరు సంగతి మా టీచర్ కూడా చెప్పారు, చెప్పకుండా సూది గుచ్చితే అది మోసమే, అందులో రెండో మాట లేదు. కానీ బయటి నుంచి వచ్చిందంతా అలాంటిదే అంటే ఒప్పుకోను, ఎందుకంటే నా చేతులతో చేసేవి రెండు ఉన్నాయి.

మొదటిది కాండోమ్ బెలూన్. కాన్పు అయ్యాక కొందరికి రక్తం ఆగదు, గర్భసంచి మెత్తగా ఉండిపోతుంది, ఇంజెక్షన్లు ఇచ్చినా ముడుచుకోదు. చూస్తుండగానే మనిషి తెల్లబడిపోతుంది. పెద్ద దేశాల్లో దీనికి రెడీమేడ్ బెలూన్ ఉంది, కానీ ఖరీదు వేలల్లో. 2000లో ఢాకా మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ సయేబా అఖ్తర్ గారు ఏం చేసారంటే మామూలు రబ్బర్ క్యాథెటర్‌కి కాండోమ్ తొడిగి దారంతో కట్టి గర్భసంచిలో పెట్టి సెలైన్ ఎక్కించారు. లోపల బెలూన్‌లా ఉబ్బి రక్తనాళాలని నొక్కి పట్టేస్తుంది. క్యాథెటర్, కాండోమ్, దారం, సెలైన్ బాటిల్, ఇవి లేని ఆస్పత్రి ఉందా? 2003లో ఆవిడ పేపర్ వచ్చింది, తర్వాత ఆసియాలో ఆఫ్రికాలో ఎన్నో చోట్ల నేర్పారు, మన దగ్గరా ట్రైనింగ్‌లో నేర్పుతారు. మా ట్రైనింగ్‌లో బొమ్మ మీద చేయించారు, ఆ తర్వాత నిజం మనిషికి డాక్టరమ్మ పక్కన నిలబడి పెట్టినప్పుడు రక్తం ఆగడం నా కళ్ళతో చూసాను. పెద్దాస్పత్రికి పంపే అంబులెన్స్ ప్రయాణంలో ప్రాణం నిలబడాలంటే ఇది చాలా పెద్ద సంగతి. ట్రైనింగ్ లేనివాళ్ళు మాత్రం చెయ్యకూడదు, సెప్టిక్ అవుతుంది, పైగా ఎక్కడైనా చిరుగుంటే దీనితో ఆగదు.

రెండోది కంగారూ పద్ధతి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డని తల్లి గుండెల మీద చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచడం. 1978లో కొలంబియాలో బొగోటాలో మొదలైంది, డాక్టర్ ఎడ్గార్ రేయ్ గారు మొదలుపెట్టారు, కారణం మరేం కాదు, ఇంక్యుబేటర్లు సరిపోక ఒక్కోదాంట్లో ఇద్దరిని ముగ్గురిని పడుకోబెట్టేవాళ్ళు, ఒకరి ఇన్‌ఫెక్షన్ ఇంకొకరికి అంటుకునేది. ఇప్పుడు ఇంక్యుబేటర్లు ఎన్నయినా కొనగలిగే దేశాలు కూడా అదే చేస్తున్నాయి. తమ్ముడు చెప్పిన ఆ పది దేశాల్లో కొలంబియా ఉంది చూడండి. మా దగ్గర నాన్నలని కూడా కూర్చోబెడతాం, మొదట సిగ్గుపడతారు, షర్ట్ విప్పమంటే చుట్టూ చూస్తారు, తర్వాత బిడ్డని తిరిగి ఇమ్మంటే ఇవ్వరు.

ఇక మన జిల్లాల్లో స్త్రీల ఆరోగ్యం అంటే ఆపరేషన్‌తో అయిపోయిందనుకుంటాం. ఆపరేషన్ అయిన కొన్నాళ్ళకి తెల్లబట్ట, నడుం నొప్పి, ఎక్కువ బ్లీడింగ్, ఎవరో ఒకరు గర్భసంచి తీయించేసుకో పీడా పోతుంది అంటారు, ముప్పై అయిదు రాకుండా తీయించేసుకుంటారు. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన ఆంధ్రా, తెలంగాణ ముందుంటాయి. తీసేసాక వేడి ఆవిర్లు, ఎముకల నొప్పులు అంటూ మళ్ళీ మా దగ్గరికే వస్తారు. సూపర్‌వైజర్ గారు చెప్పిన ఆ మత్లబ్ అమ్మాయి మన ఊళ్ళో ఉంటే, ఆపరేషన్ అయిన ఆరు నెలలకి, ఏడాదికి వెళ్ళి ఎలా ఉన్నావమ్మా అని అడిగేది కదా అనిపించింది. మన ఆశాలకి అడిగే మనసు ఉంది గానీ ఫోన్‌లో నింపాల్సిన యాప్‌లే అన్ని ఉంటే పాపం ఎప్పుడు అడుగుతారు.

ఉద్దానం_బుల్లోడు:

అందరూ ఆడోల గురించే సెప్తన్నారు, మగోల గురించి కూడా ఒకటి సెప్తాను. నాను హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని సేస్తన్నాను, మాది సోంపేట దరి. మా ఊరి మగోలు సగం మంది సెన్నై, హైదరాబాద్, ఇంకొందరు గుజరాత్ కాడ పడవల మీద. సంక్రాంతికి వస్తాం, అమ్మోరి పండక్కి వస్తాం, పది రోజులుంటాం, ఎలిపోతాం. మరి ఆ పది రోజులకి ఏటి సెయ్యాలో మాకెవలు సెప్పినారు? ఎవలూ సెప్పలేదు. ఆశమ్మ ఇంటికొస్తే మా ఆవిడతోనే మాటాడతాది, నాను వస్తే ఆవిడ మాట మార్సీస్తాది, నాను కూడా బయటికెలిపోతాను, సిగ్గు మరి. మెడికల్ షాపులో ఆ పాకెట్ అడగాలంటే ఊళ్ళో కాదు పలాస పోయి కొంతాను, తెలిసినోడు ఎవడైనా ఉంటే దగ్గు మందు కొనీసి వచ్చీస్తాను. నవ్వకండి, అందరూ ఇలాగే సేస్తారు, ఒప్పుకోరు అంతే.

ఆపరేషన్ మాటకొస్తే మా మావ ఒకడు సేయించుకున్నాడు ఎప్పుడో, ఇప్పటికీ సిమెంట్ బస్తా ఎత్తుతాడు, నాకంటే బాగా ఎత్తుతాడు. అయినా ఊళ్ళో ఆడి గురించి ఏటేటో అంతారు. మగోలికి సెప్పేవోడు మగోడే ఉండాలి, మా లాంటోడే ఉండాలి, తెల్ల కోటు ఏసుకున్నోడు సెప్తే తల ఊపీసి వచ్చీస్తాం. ఏ దేశంలోనైనా మగోలికి ఇలాంటిది ఏటైనా పెట్టినారేటి గురూ?

ఆమదాలవలస_రోడ్:

బుల్లోడు అన్నా, మీరడిగింది నేనూ అడుగుదామనుకున్నాను, మా మీటింగులకి వచ్చేది వందకి వంద ఆడవాళ్ళే. నర్స్ అక్కా, బెలూన్ సంగతి చాలా ఉపయోగపడింది, అలాంటిదే కావాల్సింది నాకు. రణస్థలం అన్న చెప్పిన పేరా కూడా పెడుతున్నాను, తీసేస్తే తీసేస్తారు.

ఇంకో సందేహం, ఆ మత్లబ్ పద్ధతి వేరే దేశంలో అచ్చంగా అలాగే పెడితే పని చేసిందా? ఎందుకంటే బంగ్లాదేశ్‌లో ఆడవాళ్ళు అప్పట్లో గడప దాటేవాళ్ళు కాదు కాబట్టి ఇంటింటికీ వెళ్ళడం పని చేసింది, మన దగ్గర ఉపాధి పనికి వెళ్ళే ఆడవాళ్ళు పగలు ఇంట్లోనే ఉండరు.

రిటైర్డ్_సూపర్‌వైజర్_పార్వతీపురం:

మంచి ప్రశ్న వేసావు. అచ్చంగా పెట్టలేదు, అదే అసలు విషయం. గానా దేశం ఉత్తరాన నవ్రోంగో అని పొడి ప్రాంతం ఉంది, అక్కడ 1994లో మత్లబ్ పాఠాలు చూసుకునే మొదలుపెట్టారు. కానీ అక్కడ మగాడి మాట, ఊరి పెద్ద మాట చెల్లుతుంది, భార్య చెప్పకుండా ఏదైనా వాడితే కొట్టడం కూడా ఉంది. అందుకని ఒక్క నర్సుని ఊళ్ళోకి పంపి ఊరుకోకుండా, ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళారు, డప్పులతో జరిగే వాళ్ళ సంప్రదాయ సభల్లో అందరి ముందూ దీని గురించి మాట్లాడారు, మగాళ్ళ అనుమానాలు అక్కడే తీర్చారు. నర్సుని మండల కేంద్రంలో కాకుండా ఊళ్ళోనే కాపురం పెట్టించారు, ఆవిడకి ఇల్లు కట్టి ఇచ్చింది ఊరివాళ్ళే. కొన్ని ఊళ్ళలో నర్సు ఒక్కటే, కొన్నిట్లో పెద్దల సభలు ఒక్కటే, కొన్నిట్లో రెండూ, ఇలా పెట్టి చూస్తే రెండూ కలిసిన చోటే బాగా నడిచింది. ఆ తర్వాత దాన్నే దేశమంతా విధానంగా పెట్టుకున్నారు.

బుల్లోడూ, నీ ప్రశ్నకి నైజర్. ఆఫ్రికాలో ఎడారి దేశం, లోకంలో పిల్లలు ఎక్కువ పుట్టే దేశాల్లో అదొకటి. అక్కడ జిందర్ అనే ప్రాంతంలో భర్తల బడి అని పెట్టారు, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి వాళ్ళు తోడున్నారు. బడి అంటే బల్లలు పలకలు కావు, ఊళ్ళో నలుగురు మెచ్చే పెళ్ళయిన మగాళ్ళు కొందరు నెలకి రెండుసార్లు కూర్చుంటారు, మా ఊళ్ళో ఆడవాళ్ళు కాన్పుకి ఆస్పత్రికి ఎందుకు వెళ్ళట్లేదు, పరీక్షలకి ఎందుకు పోవట్లేదు అని వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు, వాళ్ళే తోటి మగాళ్ళకి చెప్తారు. జీతాలు లేవు. తర్వాత చుట్టుపక్కల దేశాలు కూడా తీసుకెళ్ళి పెట్టుకున్నాయి. నువ్వన్నట్టు చెప్పేవాడు మగాడే, వాళ్ళలాంటివాడే.

మన దగ్గరయితే సంక్రాంతి వారం. ఊరు మగాళ్ళతో నిండిపోతుంది. కనుమ నాడు కాకుండా ముక్కనుమ నాడు పెట్టాలి, కనుమ నాడు ఎవడూ వినే స్థితిలో ఉండడు. విజయనగరం వాళ్ళకయితే సిరిమాను పండగ ముందు రోజులు.

ఇంకొక్క మాట రాసి ఆపేస్తాను. నువ్వు ఎక్కువమందిని కనమంటున్నారు కదా అన్నావు. ఇరాన్‌ది చదువు. 1989లో కుటుంబ నియంత్రణ మొదలుపెట్టి, పెళ్ళికి ముందు జంటలకి క్లాసు తప్పనిసరి చేసి, పల్లెల్లో ఆరోగ్య గృహాల ద్వారా నడిపి, ఒక్కో స్త్రీకి ఐదుగురు పైన ఉన్న పిల్లల లెక్కని పదేళ్ళు తిరిగేసరికి రెండుకి తెచ్చారు. లోకమంతా వెళ్ళి చూసింది. ఆ తర్వాత జనం తగ్గిపోతున్నారని 2012 నుంచి వెనక్కి తిరిగారు, 2021లో చట్టం చేసి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇవ్వడం ఆపేసారు. డబ్బున్నావిడ బయట కొనుక్కుంటుంది. లేనావిడ ఏం చేస్తుంది? పిల్లలు ఎక్కువ కావాలా తక్కువ కావాలా అన్నది అమరావతిలో ఎలా మారినా, సబ్ సెంటర్ అల్మైరాలో సరుకు ఉండాలి. ఇది నీ నోట్‌లో పెద్ద అక్షరాలతో రాయి.

పేరెందుకులెండి:

నేను రోజూ చదువుతాను గానీ ఎప్పుడూ రాయలేదు. నర్స్ అక్కా, ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు. నాకు రెండో బాబుకి ఎనిమిదో నెల, ఇంకా పాలిస్తున్నాను. మా ఆయన చెన్నైలో, మధ్యలో రెండు మూడుసార్లు వస్తారు. అత్తమ్మ ఆపరేషన్ చేయించీసుకో, మళ్ళీ ఎవరు తీసుకెళ్తారు అంటున్నారు. నాకు ఇప్పుడే వద్దని ఉంది, ఇరవై మూడు నాకు. ఆశా అక్క అంతర ఇంజెక్షన్, అదే పిల్లల మధ్య ఎడం కోసం వేసేది, వేయించుకో అంది, పక్కింటావిడ అది వేయించుకుంటే నెలసరి ఆగిపోయి చెడు రక్తం లోపల గడ్డ కట్టి క్యాన్సర్ వస్తుందంది. భయమేసింది. ఏం చెయ్యాలి?

స్టాఫ్‌నర్స్_విజీనారం:

చెల్లీ, అడగొచ్చు, ఇలాంటివి అడగడానికే కదా.

ముందు ఆ చెడు రక్తం మాట. అంతర వేసుకున్నాక మొదటి నెలల్లో కొందరికి కొంచెం కొంచెంగా ఎప్పుడు పడితే అప్పుడు కనిపిస్తుంది, తర్వాత చాలామందికి నెలసరి రాకుండా పోతుంది. లోపల గడ్డ కట్టడం ఏమీ ఉండదు, గర్భసంచి లోపలి పొర పల్చగా ఉండిపోతుంది కాబట్టి బయటికి రావడానికి ఏమీ ఉండదు, అంతే. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ అయితే ఇది వాడేవాళ్ళలో తక్కువ. మానేస్తే నెలసరి మళ్ళీ వస్తుంది, కానీ చివరి సూది తర్వాత మళ్ళీ కడుపు నిలవడానికి ఏడు నుంచి పది నెలలు పట్టొచ్చు, మూడో బిడ్డ వెంటనే కావాలనుకునేవాళ్ళు ఇది ఆలోచించుకోవాలి. మూడు నెలలకోసారి, ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితం, 2017 నుంచి ఇస్తున్నారు. పాలిచ్చే తల్లికి ఆరు వారాలు దాటాక ఇవ్వొచ్చు, నీకు దాటింది.

కానీ మొదటి సూదికి ముందు డాక్టరు చూడాలి. బీపీ చూడాలి, రొమ్ములో గడ్డలు ఉన్నాయా, కామెర్లు లివర్ జబ్బు ఉన్నాయా, కారణం తెలియని బ్లీడింగ్ ఉందా అని అడగాలి. అడక్కుండా సూది తీస్తే ఆగండి మేడం అని నువ్వే అను. సూది వేసిన చోట రుద్దకు. కార్డు ఇస్తారు, తర్వాతి తేదీ రాయించుకో.

అది వద్దనిపిస్తే ఛాయ మాత్రలు ఉన్నాయి, మన లక్నో వాళ్ళు కనిపెట్టినవే, హార్మోన్ కాదు, పాలకి ఇబ్బంది లేదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి, వారం గుర్తుపెట్టుకోగలిగితే మంచిది. కాపర్ టీ అయితే ఐదేళ్ళది, పదేళ్ళది ఉన్నాయి, మీ ఆయన ఎప్పుడొచ్చినా లెక్క చూసుకోనక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు, కొందరికి మొదట్లో నెలసరి ఎక్కువ, నొప్పి ఎక్కువ అవుతుంది. ఏది తీసుకున్నా తేడా అనిపిస్తే అదే మానేసి కూర్చోకు, వెళ్ళి మార్పించుకో, ఆ హక్కు నీకుంది. నీకు ముందే వేరే ఏమైనా జబ్బుంటే నాకు మెసేజ్ పెట్టు, ఇక్కడ రాయొద్దు.

అత్తగారితో ఆపరేషన్ వద్దు అనకు, గొడవవుతుంది. బాబుకి ఏడాది నిండాక చూద్దాం, ఈలోపు ఇది వేయించుకుంటాను అని చెప్పు. మీ ఆయన ఈసారి వచ్చినప్పుడు ఆస్పత్రికి ఇద్దరూ కలిసి రండి, ఆయన బయట బండి మీద కూర్చోకుండా లోపలికి తీసుకురా.

ఉద్దానం_బుల్లోడు:

నాను కూడా బండి మీదే కూకుంటాను మేడం. ఈ పాలి లోపలికొస్తాను లెండి.